ఇంటి సోలార్ బ్యాటరీలో ఎంత మిగిలిందో, కరెంటు ఎటు పోతోందో లెక్క తెలుసుకోవడం ఎలా?

బెంగళూరు రామమూర్తినగర్‌లోని మా ఇంటి మిద్దె మీద 540 వాట్ల సోలార్ ప్యానెళ్ళు నాలుగు ఉన్నాయి. మెట్ల కింద 3 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టరు, దాని పక్కన 25.6 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నాయి. రెండేళ్ళ కిందట మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు మా వీధిలో చెట్టు కొమ్మ తీగల మీద పడి కరెంటు పోయింది. రాత్రి పదకొండు గంటలకు బ్యాటరీ మానిటరు 62 శాతం చూపిస్తూ ఉండగానే ఇల్లంతా చీకటైపోయింది. తెర మీద కనిపించే శాతం కొలిచిన అంకె కాదని, ఏవో కొన్ని కొలతల మీద ఆధారపడి కట్టిన అంచనా అని నాకు ఆ రాత్రి అర్థమైంది. కాబట్టి మీ ఇంట్లో ఆ అంచనా దేని మీద నిలబడి ఉందో తెలుసుకోవడం, దాన్ని నమ్మదగినదిగా చేసుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదట బ్యాటరీ మీది అంకెలు చదవండి

బ్యాటరీ పక్కన ఉన్న చీటీ మీద వోల్టులు, ఆంపియర్-అవర్లు రాసి ఉంటాయి. ఆ రెండింటినీ గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. వెయ్యి వాట్-అవర్లు కలిస్తే బెస్కామ్ (బెంగళూరు విద్యుత్ సంస్థ) బిల్లులో కనిపించే ఒక యూనిట్. మా బ్యాటరీలో 2,560 వాట్-అవర్లు, అంటే రెండున్నర యూనిట్లు పడతాయి. మీది 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ (లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీ అయితే లెక్కకు 1,800 వాట్-అవర్లు వస్తాయి గానీ, లెడ్-యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది కనుక మీ చేతిలో నిజంగా ఉన్నది 900 అనుకోవడం మంచిది. ఆ చీటీ మీద సీ10 అని ఉందో, సీ20 అని ఉందో కూడా చూడండి. సీ10 అంటే పది గంటల్లో ఖాళీ చేసినప్పుడు వచ్చే సామర్థ్యం, సీ20 అంటే ఇరవై గంటల్లో మెల్లగా తీసినప్పుడు వచ్చేది. లెడ్-యాసిడ్ బ్యాటరీ నుంచి ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుంది కాబట్టి, సీ20 మీద 150 అని రాసిన బ్యాటరీ సీ10 మీద 150 అని రాసిన దానికి సమానం కాదు.

వోల్టులు చూసి శాతం చెప్పడం ఎక్కడ చెల్లుతుంది

చాలా ఇన్వర్టర్లలో కనిపించే నాలుగు గీతల బొమ్మ కేవలం వోల్టేజిని చూసి గీసినదే. లెడ్-యాసిడ్ బ్యాటరీ విషయంలో ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయలేము. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జింగూ లోడూ లేకుండా కొంతసేపు ఊరుకున్న తరువాత సుమారు 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం ఉన్నట్టు, 11.8కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. రెండు బ్యాటరీలు కలిపిన 24 వోల్టుల వరుసకు ఈ అంకెలను రెట్టింపు చేసుకోండి. అయితే ఊరుకున్న తరువాత అన్న మాట ముఖ్యం. మధ్యాహ్నం ఎండలో ఛార్జ్ అవుతున్న బ్యాటరీ 14.4 చూపిస్తుంది, మిక్సీ వేయగానే అదే బ్యాటరీ 12 లోపుకు జారవచ్చు. ఈ రెండు అంకెలకూ లోపల ఉన్న ఛార్జ్‌కూ సూటి సంబంధం లేదు. అందుకని తెల్లవారుజామున ఎండ రాకముందు ఇన్వర్టరును అరగంట ఆపి, మల్టీమీటరును నేరుగా బ్యాటరీ ధ్రువాల మీద పెట్టి చూడండి. పూర్తి విశ్రాంతికి ఇంకా కొన్ని గంటలు కావాలి గానీ, రోజూ ఒకే వేళకు, ఒకే విధంగా చూస్తే నిన్నటికీ నేటికీ పోల్చడానికి అరగంట సరిపోతుంది. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో గ్రావిటీ, అంటే లోపలి ఆమ్లం సాంద్రత, చూడటం దీనికంటే గట్టి సాక్ష్యం. ఒక్క గడిలో (సెల్‌లో) మాత్రమే గ్రావిటీ మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే జబ్బు ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ పద్ధతి దాదాపు పనికిరాదు. దాని వోల్టేజి 80 శాతం నుంచి 30 శాతం దాకా చెరువు నీటి మట్టంలా చదునుగా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. 25.6 వోల్టుల బ్యాటరీలో ఆ మధ్య దూరమంతటికీ కలిపి తేడా అర వోల్టు లోపే ఉంటుంది. ఆ కాస్త తేడాను ఒక ఫ్యాను వేయడం, ఒక మబ్బు తొలగడం తారుమారు చేసేస్తాయి. కాబట్టి లిథియం ఉన్నవారికి లోపలికి వచ్చిన ఆంపియర్లు, బయటికి పోయిన ఆంపియర్లు లెక్కపెట్టే షంట్ మానిటరు అవసరం. బ్యాటరీలోనే ఉండి దాన్ని కాపాడే, మరీ ఖాళీ అయితే ఆపేసే బీఎంఎస్ అనే సర్క్యూటు కూడా ఇదే లెక్క కట్టి బ్లూటూత్ ద్వారా ఫోనుకు చూపిస్తుంది. గడుల వోల్టేజిలు విడివిడిగా చూడటానికి అది చాలా మంచిది. కానీ కొన్ని చవక రకాలలో చిన్న చిన్న కరెంట్లు లెక్కలోకి రావు కనుక, రాత్రంతా సాగే 20, 30 వాట్ల ఖర్చు దాని కంటపడకుండా జారిపోవచ్చు.

షంట్ బిగించేటప్పుడు ఒక్క నియమం

షంట్ అంటే రెండు ఇత్తడి దిమ్మెల మధ్య అమర్చిన, నిరోధం చాలా తక్కువగానూ కచ్చితంగానూ ఉండే లోహపు పలక. దాని గుండా కరెంటు పోతే రెండు కొసల మధ్య కొన్ని మిల్లీవోల్టులు ఏర్పడతాయి, మానిటరు వాటిని కొలిచి ఆంపియర్లుగా మారుస్తుంది. 100 ఆంపియర్లు, 75 మిల్లీవోల్టులు అని చెక్కిన షంట్‌లో 20 ఆంపియర్లు పోతుంటే 15 మిల్లీవోల్టులు కనిపించాలి. మల్టీమీటరు ఉంటే ఇది మీరే సరిచూసుకోవచ్చు.

దీన్ని బ్యాటరీ నెగెటివ్ వైపు పెడతారు. బ్యాటరీ నెగెటివ్ ధ్రువం నుంచి షంట్‌కు ఒక్కటే కేబుల్ రావాలి. ఇన్వర్టరు, ఛార్జ్ కంట్రోలరు, చిన్నాచితకా డీసీ పరికరాలు, అన్నింటి నెగెటివ్ తీగలూ షంట్ అవతలి వైపే కలవాలి. బ్యాటరీ నెగెటివ్ ధ్రువం మీద ఆ ఒక్క కేబుల్ తప్ప ఇంకే తీగ కనిపించినా లెక్క తప్పినట్టే.

మా ఇంట్లో ఆ మే నెల రాత్రి జరిగింది ఇదే. రూటరుకు, సీసీ కెమెరాలకు కలిపి 40 వాట్ల డీసీ లైను ఒకటి తరువాత వేయించాము. ఆ పని చేసిన మనిషి దగ్గరగా ఉందని దాని నెగెటివ్ తీగను నేరుగా బ్యాటరీ ధ్రువానికే బిగించి వెళ్ళాడు. ఆ లైను లాగేది ఒకటిన్నర ఆంపియర్ల పైచిలుకు, చూడటానికి ఏపాటిదీ కాదు. కానీ రెండు రోజులుగా మబ్బు పట్టి బ్యాటరీ ఒక్కసారి కూడా నిండలేదు. ముప్పై ఆరు గంటల్లో దాదాపు 58 ఆంపియర్-అవర్లు మానిటరుకు తెలియకుండా పోయాయి. మానిటరు లెక్కపెట్టిన 38, అది చూడని 58 కలిపితే 96 అయ్యి, బీఎంఎస్ తన పని తాను చేసుకుని బ్యాటరీని ఆపేసింది. బాగుచేయడానికి పట్టింది పది నిమిషాలు, పదమూడో నంబరు స్పానరు ఒకటి. కారణం కనుక్కోవడానికి మాత్రం మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఎండ బాగా కాచిన రోజు బ్యాటరీ నిండగానే మానిటరు తిరిగి 100 చూపించి తప్పును కప్పేసేది.

ఈ పని మీరే చేయదలిస్తే ముందు ప్యానెళ్ళ ఐసొలేటరు (వాటి కరెంటును విడదీసే స్విచ్), తరువాత ఇన్వర్టరు, ఆఖరున బ్యాటరీ బ్రేకరు ఆపండి. చేతి ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, ఎందుకంటే రెండు ధ్రువాల మీద అడ్డంగా పడిన స్పానరు క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. మానిటరుకు వెళ్ళే సన్నని పాజిటివ్ తీగకు ఫ్యూజు తప్పనిసరి. లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి కనుక అక్కడ గాలి ఆడాలి, దగ్గరలో దీపం గానీ అగరుబత్తి గానీ వెలిగించకూడదు. ఏసీ వైపు తీగల జోలికి ఎలక్ట్రీషియన్ తప్ప మీరు పోవద్దు.

మానిటరుకు మీ బ్యాటరీని పరిచయం చేయండి

కొత్త మానిటరుకు మీ బ్యాటరీ గురించి ఏమీ తెలియదు. సామర్థ్యం అన్నచోట ఆంపియర్-అవర్లు నింపండి. ఆ తరువాత, ఎప్పుడు నిండినట్టు లెక్క అన్నది దానికి చెప్పాలి. ఇందుకు రెండు షరతులు కలిసి నెరవేరాలి: వోల్టేజి ఒక స్థాయికి చేరాలి, అప్పుడు లోపలికి పోయే కరెంటు బాగా తగ్గి ఉండాలి. మొదటిదాన్ని మీ ఛార్జరు చేరే గరిష్ఠ వోల్టేజికంటే కాస్త తక్కువగా పెట్టండి. 12 వోల్టుల వ్యవస్థలో ఛార్జరు 14.4 దాకా పోతే 14.2 పెడితే చాలు. రెండోదాన్ని సామర్థ్యంలో సుమారు 4 శాతంగా, అంటే 100 ఆంపియర్-అవర్లకు 4 ఆంపియర్లుగా పెట్టండి. ఈ వోల్టేజి మరీ తక్కువగా పెడితే సగం నిండగానే 100 శాతం అంటుంది, మరీ ఎక్కువగా పెడితే ఎన్నటికీ నిండినట్టు ఒప్పుకోదు. ఛార్జింగ్ సామర్థ్యం (ఎఫిషియెన్సీ) అన్న గడి కూడా ఉంటే లెడ్-యాసిడ్‌కు 85 శాతం చుట్టుపక్కల, లిథియంకు 98 దగ్గర పెట్టండి. పోసిన ఛార్జ్ అంతా తిరిగి రాదని మానిటరుకు గుర్తుచేసే అంకె అది.

ఇప్పుడు పరీక్షించండి. ప్యానెళ్ళ ఐసొలేటరు ఆపి, గ్రిడ్ ఆపి, ఇంట్లో అన్నీ ఆర్పి, 1,000 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే పెట్టండి. మా 25.6 వోల్టుల వ్యవస్థలో ఇన్వర్టరు నష్టంతో కలిపి 42, 43 ఆంపియర్లు కనిపించాయి. అంకెకు ముందు మైనస్ గుర్తు ఉండాలి. ఛార్జ్ ఖర్చవుతుండగా ప్లస్ కనిపిస్తే షంట్ రెండు వైపులూ తారుమారయ్యాయన్నమాట. క్లాంప్ మీటరుతో సరిచూడాలనుకుంటే అది డీసీ కూడా కొలిచే రకమేనా అని ముందు చూసుకోండి. మామూలు ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే రకం ఎక్కువగా ఏసీ మాత్రమే కొలుస్తుంది, బ్యాటరీ కేబుల్ చుట్టూ పెడితే సున్నా చూపి మిమ్మల్ని తికమక పెడుతుంది.

ఒక రాత్రి ఖర్చును కాగితం మీద పెట్టండి

సాయంత్రం ఆరున్నర నుంచి ఉదయం ఆరున్నర దాకా మీ బ్యాటరీ మీద నడిచే ప్రతి వస్తువునూ వాట్లు, గంటలు వేసి రాయండి. మా ఇంటి లెక్క ఇలా తేలింది. ఫ్రిజ్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి సగటున 50 వాట్ల చొప్పున 600 వాట్-అవర్లు, తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలకు 480, అయిదు ఎల్‌ఈడీ దీపాలు అయిదు గంటలకు 225, టీవీ మూడు గంటలకు 240, రూటరు 120. ఇవన్నీ కలిపితే 1,665. కానీ మానిటరు ప్రకారం బ్యాటరీ నుంచి పోయింది దాదాపు 2,085. మిగిలిన 420 ఎక్కడికి పోయాయని ఇల్లంతా వెతికాను. చివరికి దొంగ ఇన్వర్టరే. ఏ లోడూ లేకపోయినా తాను మెలకువగా ఉండటానికే అది గంటకు 35 వాట్-అవర్లు తింటోంది, అంటే రాత్రి ఖర్చులో అయిదో వంతు. ఇది పరికరం లోపం కాదు, ప్రతి ఇన్వర్టరుకూ ఈ తిండి ఉంటుంది. కొనేటప్పుడు మాత్రం ఎవరూ చెప్పరు. మీ దానిది ఎంతో తెలుసుకోవాలంటే రాత్రి దాని అవుట్‌పుట్ ఎంసీబీ దించి, షంట్ మీద ఎన్ని ఆంపియర్లు కనిపిస్తున్నాయో చూసి వోల్టులతో గుణించండి.

పాత ఫ్యాన్లు 70, 75 వాట్లు లాగుతాయి కాబట్టి, బ్యాటరీ పెంచడానికి డబ్బు తీసే ముందు రాత్రి నడిచే రెండు ఫ్యాన్లు మార్చడం ఎక్కువ లాభమని నా అభిప్రాయం.

పగటి వేళ చేయగలిగినది పగలే చేయండి. బెంగళూరులో కావేరి నీళ్ళు ముందు సంపులోకి వస్తాయి, అక్కడి నుంచి మిద్దె మీది ట్యాంకుకు మోటారుతో ఎక్కించాలి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు కిలోవాట్ దాకా లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. మా అమ్మ ఇప్పుడు దోసెల పిండికి గ్రైండరు వేసే ముందు "ఎంతుంది నాయనా?" అని అడగదు, గోడ మీది తెర తానే చూసుకుని, బాణం గుర్తు ప్యానెళ్ళ నుంచి ఇంటివైపు ఉంటేనే స్విచ్ వేస్తుంది.

కరెంటు మీటరును కూడా సాక్షిగా పెట్టుకోండి

ఇన్వర్టరు యాప్ చెప్పే అంకెలు సరైనవో కావో చూడటానికి ఏ ఖర్చూ లేని కొలబద్ద మీ ఇంటి గోడకే ఉంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం, దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో తెలిపే అంకె ఉంటాయి. 3,200 అని ఉందనుకోండి. పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. 45 సెకన్లు పడితే ఆ క్షణంలో గ్రిడ్ నుంచి 250 వాట్లు వస్తున్నట్టు. లెక్క ఇది: 36,00,000ను యూనిట్‌కు ఉన్న మిణుకుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఒక మిణుకుకు పట్టే సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఇన్వర్టరు యాప్ అదే క్షణంలో గ్రిడ్ వాట్లు దీనికి చాలా దూరంగా చూపిస్తుంటే, మెయిన్ తీగ చుట్టూ తగిలించిన, కరెంటును కొలిచే సీటీ క్లాంప్ వేరే తీగ మీద ఉందో, దాని మీది బాణం గుర్తు తిరగబడి ఉందో చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపే నెట్ మీటరింగ్ తీసుకున్నవారి మీటరు వచ్చిన యూనిట్లను, పంపిన యూనిట్లను వేరువేరుగా చూపిస్తుంది. అందులో ఇంటి మొత్తం వాడకం కనిపించదని గుర్తుంచుకోండి, ఎందుకంటే ప్యానెళ్ళ నుంచి నేరుగా ఇంట్లోకి పోయిన కరెంటు ఆ మీటరు దాకా రాదు. ఇన్వర్టరు చూపిన ఉత్పత్తిలోంచి పంపినది తీసేసి, వచ్చినది కలిపితేనే వాడకం తెలుస్తుంది. ఒక రోజు ఉత్పత్తి 8.4, పంపినది 2.3, వచ్చినది 1.1 అయితే వాడకం 7.2 యూనిట్లు.

ఉత్పత్తి తగ్గిందని కంగారు పడే ముందు

గ్రిడ్‌కు పంపని మాలాంటి వ్యవస్థల్లో ఒక మాయ ఉంది. గత మార్చిలో, ఎండ నిప్పులు చెరుగుతున్న రోజుల్లో, మా ఉత్పత్తి 5 యూనిట్ల దగ్గరే ఆగిపోయింది. పక్కన కడుతున్న భవనం దుమ్ము పడిందనుకుని పొద్దున్నే మిద్దె ఎక్కి ప్యానెళ్ళు శుభ్రంగా కడిగాను. మరునాడు కూడా 5. నిజానికి బ్యాటరీ పదకొండు గంటలకల్లా నిండిపోతోంది, ఇంట్లో వాడేవారు లేరు, పోవడానికి చోటు లేక ఇన్వర్టరే ప్యానెళ్ళను అణచి పెడుతోంది. కాబట్టి రోజు మొత్తం అంకెను చూడకండి, యాప్‌లో రోజంతటి ఉత్పత్తిని చూపే గీత ఆకారాన్ని చూడండి. మధ్యాహ్నానికి ముందే ఎవరో కోసేసినట్టు పడిపోతే బ్యాటరీ నిండినట్టు. రోజూ ఒకే వేళకు గుంట పడి మళ్ళీ లేస్తుంటే నీళ్ళ ట్యాంకు నీడో, కొబ్బరి చెట్టు నీడో పడుతున్నట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోపురంలా ఉండి ఎత్తు మాత్రమే తగ్గితే అప్పుడు చీపురు, బకెట్టు తీసుకోండి.

ముసురు రోజుల్లో

జూన్ నుంచి సెప్టెంబరు దాకా బెంగళూరు ఆకాశం వారాల తరబడి మూసుకుని ఉంటుంది. బ్యాటరీ నిండని ప్రతి రోజూ మానిటరు లెక్కలో చిన్న తప్పు పేరుకుంటూ పోతుంది, ఎందుకంటే నిండినప్పుడే అది 100కు తిరిగి సర్దుకుంటుంది. ఈ నెలల్లో పది పదిహేను రోజులకు ఒకసారి గ్రిడ్ నుంచి ఛార్జింగ్ తెరిచి పూర్తిగా నింపండి. లెడ్-యాసిడ్ బ్యాటరీకైతే ఇది లెక్క కోసమే కాదు, ప్రాణం కోసం కూడా. సగం ఛార్జ్‌తో రోజుల తరబడి ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ కరగదు. నిండే క్షణానికి ముందు మానిటరు ఎంత చూపించిందో నోటుపుస్తకంలో రాసుకోండి. 96 నుంచి 100కు ఎగిరితే లెక్క బాగున్నట్టే. 78 నుంచి ఒక్కసారిగా 100కు ఎగిరితే మీ అమరికలలోనో తీగలలోనో తప్పు ఉంది. మా ఇంటి తప్పు ఇందుకు తలకిందులుగా దొరికింది: తెర 100 దగ్గర నిలబడి ఉండగా బ్యాటరీ ఇంకా రెండు గంటలు ఆబగా ఛార్జ్ తీసుకుంటూనే ఉంది.

యాప్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇన్వర్టరుకు తగిలించే వై-ఫై స్టిక్కు సాధారణంగా 2.4 గిగాహెర్ట్‌జ్ వై-ఫైకే అంటుకుంటుంది. రూటరు బ్యాటరీ మీద నడవకపోతే సరిగ్గా కరెంటు పోయిన వేళ లెక్క కూడా ఆగిపోతుంది. హెచ్చరిక లిథియంకు 30 శాతం దగ్గర, లెడ్-యాసిడ్‌కు 55 దగ్గర పెట్టుకుంటే ఫ్రిజ్ ఆపాలో టీవీ ఆపాలో తేల్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఏడాదికోసారి సామర్థ్యం, ఊరికి వెళ్ళేటప్పుడు జాగ్రత్త

ఏడాదికి ఒక సెలవు రోజు బ్యాటరీని పూర్తిగా నింపి, గ్రిడ్డూ ప్యానెళ్ళూ ఆపి, స్థిరమైన లోడు పెట్టి, లిథియం అయితే 20 శాతం స్థాయికి దిగేదాకా నడపండి. ఆ స్థాయిని మానిటరు శాతంతో కాకుండా తయారీదారు పుస్తకంలో ఇచ్చిన వోల్టేజితో గుర్తించండి, లేకపోతే పాత అంకెతోనే పాత అంకెను కొలిచినట్టు అవుతుంది. కొత్తలో 80 ఆంపియర్-అవర్లు ఇచ్చినది ఇప్పుడు 75 ఇస్తే సామర్థ్యం 94 శాతానికి వచ్చినట్టు. మానిటరులో 100 ఉన్నచోట 94 అని దిద్దండి.

సంక్రాంతికి వారం పది రోజులు ఊరికి వెళుతున్నారనుకోండి. లెడ్-యాసిడ్ బ్యాటరీని నిండుగా, ఛార్జింగ్‌లోనే ఉంచి, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి వెళ్ళండి. లిథియం బ్యాటరీని సగానికి కొంచెం పైన, 60 శాతం దగ్గర ఉంచి, ఫ్రిజ్ ఖాళీ చేసి, ఇన్వర్టరును, బ్యాటరీ బ్రేకరును ఆపేసి వెళ్ళవచ్చు. ఇన్వర్టరు ఆన్‌లో, ప్యానెళ్ళు ఆఫ్‌లో వదిలితే దాని సొంత తిండే మా రెండున్నర యూనిట్ల బ్యాటరీని మూడు రోజుల్లో ఊడ్చేస్తుంది. వెళ్ళే ముందు వోల్టులూ శాతమూ పుస్తకంలో రాసి పెట్టండి. తిరిగి వచ్చాక సంచులు దించి, స్విచ్‌లు వేయకముందే, మల్టీమీటరుతో ఒకసారి చూసి ఆ అంకె పక్కన కొత్త అంకె రాయండి.